మెరక మీద గడ్డి

అమెరికాలోని అయోవాలో ఒక పల్లె. ధాన్యం గోదాములో కాఫీ బల్ల దగ్గర ఇద్దరు రైతులు. పెద్దాయన పొలం మెరక మీద, కుర్రాడి ఇల్లూ పొలమూ దాని కింద.

“పెద్దాయనా, మట్టి కొట్టుకుపోకుండా పొలాన్ని గడ్డికి వదిలేసినందుకు సర్కారు పదేళ్లు డబ్బిచ్చింది. కాలు మీద కాలేసుకుని గడిపేశావ్.”

“ఏం గడపడం? మొదటేడు ట్రాక్టరెక్కకుండా ఉండలేకపోయా. మా ఆవిడ తాళంచెవి పిండిడబ్బాలో దాచింది. అది వెతుకుతూ వారం పాటు ఇంట్లో పిండంతా నేనే పిసికా.”

“సెప్టెంబరుతో ఒప్పందం అయిపోతుందటగా. మొక్కజొన్నకి రేటు బావుంది. మళ్లీ దున్నేస్తావా?”

“నీకెందుకు కంగారు?”

“కంగారేం లేదు. అప్పట్లో వానొస్తే నీ మట్టంతా మా వంటింట్లోకొచ్చేది. మా నాన్న బూట్లలో సోయా మొలిచింది, కోసుకున్నాం కూడా. గడ్డి వేశాక గుమ్మం తడిస్తే ఒట్టు. థాంక్స్ చెబుదామనే వస్తా, నోరు తెరిస్తే వెటకారమొస్తుంది.”

“ఇప్పుడు చెప్పేశావుగా.”

“మరి దున్నుతావా?”

“మొన్ననే ఇంకో పదేళ్లకి సంతకం పెట్టా.”

“ముందే చెప్పొచ్చుగా!”

“చెబితే థాంక్స్ చెప్పేవాడివా? మీ ఆవిడైతే పోయిన వారమే చెర్రీ కేకు పట్టుకొచ్చి చెప్పింది. నీకింకా పదేళ్లు టైముంది, కేకు చెయ్యడం నేర్చుకో.”