దెయ్యం మెట్లెక్కిన చప్పుడు

నా ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న సెన్సారు అధికారి గారికి, స్టూడియో పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న మా వదినకి, నన్ను చప్పుళ్ళ బాబాయ్ అని పిలిచి పిలిచి అసలు పేరు మర్చిపోయిన మీ అందరికీ నమస్కారం. (నవ్వులు)

ఇన్నేళ్ళూ నేను చేసిందల్లా సినిమాలకు చప్పుళ్ళు పెట్టడమే, అందులోనూ ఎక్కువగా దెయ్యాల సినిమాలకే, ఎందుకంటే మనుషుల కథ ఏది తీసుకెళ్ళినా సెన్సారు ఆఫీసులో సగం ఎగిరిపోయేది, దెయ్యాలు ఏ పార్టీకీ చెందవు కాబట్టి అవి మాత్రం చక్కగా బయటపడేవి. ఈ కిటుకు కనిపెట్టింది మా దర్శకుడు, వదిన భర్త, నేను నోరారా అన్నా అని పిలుచుకున్న మనిషి. అధ్యక్షులవారు కూడా నవ్వుతున్నారు, సంతోషం.

ఆయన ఆఖరి సినిమాలో దెయ్యం ఒక ఇంటికి రావాలి. కుక్కల ఏడుపు పెట్టాను, తలుపు కిర్రుమనిపించాను, ఎవరూ బెదరలేదు. అన్న విసుక్కుని, "అవన్నీ తీసెయ్ రా. ఇంటి ముందు జీపు ఆగాలి, ఇంజను మాత్రం ఆపకూడదు. తర్వాత మెట్ల మీద బూట్లు. మెల్లగా నడువు, వాళ్ళకేం తొందర" అన్నాడు. ఆ బూట్లు తొడుక్కుని స్టూడియో వెనక మెట్లెక్కింది నేనే. ప్రివ్యూ వేస్తే, దెయ్యం తెర మీదికి రాకముందే హాలంతా బిగుసుకుపోయింది. టీ ఇచ్చే ఆవిడ ట్రే కింద పెట్టేసి గోడకి ఆనుకుంది.

ఆ ప్రివ్యూ చూడ్డానికొచ్చిన మన అధ్యక్షులవారు లైట్లు వేయించి, "దెయ్యం జీపులో వస్తుందా?" అని అడిగారు. అన్న ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేదు. "మీకే తెలియాలి సార్" అన్నాడు.

(కుర్చీలు కదిలిన చప్పుడు)

ఆ వారమే ఆయన్ని తీసుకెళ్ళారు. జీపు, బూట్లు, అన్నీ అచ్చం నువ్వు చేసినట్టే ఉన్నాయయ్యా అని వదిన చెప్పింది. ఇంత మంచి మెప్పు నాకు ఇంకెవరూ ఇవ్వలేదు, అది తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

స్టూడియో మేనేజరు గారు కూర్చోమని సైగ చేస్తున్నారు. అయిపోవచ్చింది బాబూ.

వీధిలో బండి ఆగితే మనందరికీ గుండె జారిపోతుంది. వదిన ఒక్కతే తలుపు తీయడానికి పరిగెత్తుతుంది, ఆయన్ని దింపి వెళ్ళడానికి వచ్చారేమోనని. అధ్యక్షులవారూ, తర్వాత మాట్లాడేది మీరే. నన్ను పొగడొద్దు. ఆయన ఎక్కడున్నాడో చెప్పండి. లేకపోతే లేడని చెప్పండి, ఆవిడ తలుపు తీయడం మానేస్తుంది.

ఓపిగ్గా విన్నారు, మీకందరికీ రుణపడి ఉంటాను. మైకు అధ్యక్షులవారి ముందు పెడుతున్నాను. సెలవు.