అపెండిక్స్ తీశాక వచ్చిన ఫోను

అధ్యక్షస్థానంలో ఉన్న హెడ్మిస్ట్రెస్ గారికి, వేదిక మీది పెద్దలకు, ఇన్నేళ్లూ నా ఈలకి ఉలిక్కిపడిన తోటి ఉపాధ్యాయులకు, ఎండలో నిలబెట్టినందుకు లోలోపల నన్ను తిట్టుకున్న పిల్లలకు నమస్కారం. (నవ్వులు)

ఇందాక లెక్కల మాస్టారు నన్ను పొగుడుతూ, డ్రిల్లు మాస్టారికి భయమంటే ఏమిటో తెలియదన్నారు. మాస్టారూ, మీ లెక్క తప్పింది. నేను గడువుకు ముందే ఎందుకు పదవీ విరమణ చేస్తున్నానో ఇక్కడ చాలామందికి తెలియదు. చెప్పకుండా వెళ్లిపోదామనే అనుకున్నాను గానీ, ఇన్ని పొగడ్తలు విన్నాక నోరు ఊరుకోవడం లేదు.

పోయిన వేసవి సెలవుల్లో పొత్తికడుపులో కుడివైపు నొప్పి వచ్చి నాకు అపెండిక్స్ తీశారు. అది ఉన్నా లేనట్టే, పోతే పోయింది లెండి అని సైన్సు మేడం నవ్వించారు కూడా. కుట్లు మానాయి, గ్రౌండులోకి దిగాను. అప్పుడు సర్జన్ గారు ఫోన్ చేసి, ఒకసారి రండి, ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని రండి అన్నారు.

తీసిన ముక్కను ల్యాబులో పరీక్షిస్తే క్యాన్సర్ గడ్డ కనబడిందట. చాలా అరుదట. చిటికెనవేలంత అవయవంలో చడీచప్పుడూ లేకుండా పెరుగుతుందట. నాలాగే అపెండిక్స్ వాచిందని ఆపరేషన్ చేయించుకున్నాక గానీ చాలామందికి బయటపడదట. కొన్ని రకాల్లో లోపల జిగురు ఊరి, అపెండిక్స్ పగిలితే ఆ జిగురు కడుపంతా పరుచుకుంటుందట. నాది పగల్లేదు గానీ గడ్డ పెద్దది, అందుకని పక్కనున్న పెద్దపేగులో కొంత, దాని చుట్టూ ఉన్న లింఫు గ్రంథులూ తీసి చూడాలన్నారు. నేను అన్నీ విన్నట్టే తలూపాను. బయటికొచ్చాక ఒక్క ముక్క గుర్తులేదు. మా ఆవిడే మళ్లీ లోపలికెళ్లి అడిగి తెలుసుకుని, నాకు విడమరిచి చెప్పింది.

ఆ తర్వాత ముద్ద దిగేది కాదు. ఆపరేషన్‌కి రమ్మంటే ఒకసారి బడిలో పరీక్షలన్నాను, ఇంకోసారి ఆటల పోటీలన్నాను. పిల్లలూ, మిమ్మల్ని వరసల్లో నిలబెట్టి, మీరు చూడకుండా పొట్ట తడుముకునేవాణ్ణి. చివరికి, కాస్త ధైర్యం చిక్కాక వెళ్దామన్నాను. మా ఆవిడ, అదిగో మొదటి వరుసలో తల దించుకుని కూర్చున్నావిడే, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి, "మీకు ధైర్యం వచ్చేదాకా అది ఆగుతుందా? భయపడుతూనే పదండి. నాకూ భయంగానే ఉంది," అంది.

(కళ్లు తుడుచుకుని) మన్నించాలి.

వెళ్లాం. తీశారు. గ్రంథుల్లోకి పాకలేదన్నారు. పూర్తిగా పోయినట్టేనా అని అడిగితే సర్జన్ గారు, "ఇప్పటికి కనబడటం లేదు. చూసుకుంటూ ఉండాలి," అన్నారు. ఆ 'ఇప్పటికి'తోనే లేస్తున్నాను, ఆ 'ఇప్పటికి'తోనే పడుకుంటున్నాను. ఏ చిన్న నొప్పి వచ్చినా ఆ ఫోనే గుర్తొస్తోంది.

సోమవారం మళ్లీ స్కాన్ ఉంది. మీ అభిమానానికి, ఈ సాయంత్రానికి చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. రేపు దారిలో ఎదురైతే, మీకేం మాస్టారూ, రాయిలా ఉన్నారు అనకండి. ఎలా ఉందని అడగండి. నేను భయంగా ఉందంటే, మీరేమీ చెప్పకపోయినా ఫరవాలేదు, కాసేపు పక్కన నిలబడండి.

మరి నాకు సెలవిప్పించండి.