ఒక్క మనిషి పట్టేంత ఖాళీ

1987వ సంవత్సరం మార్చి రెండవ తేదీ, సోమవారం ఉదయం, ఒహాయో నది మీద పొగమంచు ఇంకా విడవకముందే శ్రీ థర్మన్ గుడ్‌పాస్టర్ గారు మన టాలివర్ కౌంటీ ఎన్నికల కార్యాలయంలో గుమస్తాగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. సుదీర్ఘమైన, నిష్కళంకమైన సేవ అనంతరం ఈ డిసెంబరు ముప్ఫై ఒకటిన వారు పదవీ విరమణ చేస్తున్నారు. పార్టీలు తమ అభ్యర్థులను ఎంచుకునే ఎన్నిక అయిన ప్రైమరీ వచ్చే మే నెలలో ఉంది, దాని కోసం పార్టీ మార్చుకోదలచినవారికి మన కెంటకీలో ఆఖరి గడువు కూడా ఆ రోజే. ఉద్యోగ జీవితమంతా గడువుల గుమ్మం దగ్గర నిలబడిన మనిషి సెలవు తీసుకోవడానికి అంతకంటే తగిన రోజు దొరకదు.

మన కార్యాలయ పత్రిక ఈ సంచికకు వారిని గురించి రాయమని మన కౌంటీ క్లర్కు గ్లెండా ప్రూయిట్ గారు ఆదేశించినప్పుడు నేను వెనకాడిన మాట నిజం. పదకొండో తరగతిలోనే చదువు ఆగిపోయినదాన్ని. ఆ మాటే అంటే గ్లెండా గారు, "మేం రాస్తే పూలగుత్తులు, ఫలకాలు అని రాస్తాం. ఆఖరిసారి ఆయన పక్కనుండి లైను మూయించింది నీచేతే కదమ్మా. చూసింది రాయి," అన్నారు. చూసినదే రాస్తున్నాను. పొరపాట్లుంటే పెద్దలు మన్నించాలి.

ఉద్యోగంలో ప్రవేశించిన తొలి సంవత్సరాలలో గుడ్‌పాస్టర్ గారు పొగాకు వేలం జరిగే గిడ్డంగులకు వెళ్లి, బేళ్ల మధ్య బల్ల వేసుకుని, రైతులను ఓటర్లుగా నమోదు చేసేవారు. కౌంటీకి వాహనం లేని కాలంలో ఓటు పెట్టెలను సొంత ట్రక్కులో, గొర్రెతోలు పరిచి, పసిపిల్లల్ని తీసుకెళ్లినంత నెమ్మదిగా తెచ్చేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. "నీ డ్రైవింగుకి పెట్టెలో ఓట్లు ముసలివైపోతాయి థర్మన్," అని అప్పటి క్లర్కు గారు వేళాకోళం చేస్తే, "ముసలివైనా చెల్లుతాయండీ, పగిలితేనే చెల్లవు," అనేవారట.

ఆ జాగ్రత్త చూసే వారిని పెల్లమ్స్ ఫెర్రీ అగ్నిమాపక కేంద్రంలోని పోలింగు గదికి ఎన్నికల షెరీఫుగా నియమించారు. తుపాకీ లేని షెరీఫు పని అది. సాయంత్రం ఆరు కొట్టగానే గుమ్మంలోకి వచ్చి, పోలింగు ముగిసిందని వీధి వినేలా కేకవేసి, వరసలో చివరి ఓటరు వెనక వెళ్లి నిలబడాలి. ఆయన ముందున్నవారికి ఓటు ఉంటుంది. ఆయన వెనక వచ్చినవారికి ఉండదు. ఆ మనిషి వీపే చట్టం.

తొంభైల తొలినాళ్లలో ఒక మే నెల ప్రైమరీ రోజున జరిగిన సంగతి ఇక్కడ రాయక తప్పదు. దానిని ఈ అక్టోబరులో గుడ్‌పాస్టర్ గారే నిండు సభలో చెప్పారు కనుక నేను రాయడంలో తప్పు లేదని భావిస్తున్నాను. ఓనా ఫ్రేలీ అనే యువతి ఏటి అవతల ఒహాయో రాష్ట్రంలో కొన్నేళ్లు కాపురం చేసి, మళ్లీ ఇవతలికి, తల్లి దగ్గరికి వచ్చేసింది. పేరు సక్రమంగా నమోదు చేయించుకుంది, పార్టీ కూడా గడువులోపే రాయించుకుంది. ఒక్కటే తెలియలేదు. అవతల పోలింగు ఏడున్నర దాకా ఉంటుంది, ఇవతల ఆరుకే ముగుస్తుంది. కేక వేసి, చివరి ఓటరుకు ఆనుకుని ఆయన నిలబడిన తరువాత, ఆమె పొగమంచులోంచి వచ్చి వారి వెనక నిలబడింది.

"అమ్మాయ్, నా వెనక లైను లేదు."

"ఇంకా గంటన్నర ఉందిగా అంకుల్?"

"అది అవతల. ఇవతల అయిపోయింది."

"అయితే ఊరికే నిలబడతాలెండి. ఎవరికి అడ్డం?"

వరస కదులుతుంటే ఆమె కూడా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చిందట. తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూసేసరికి లేదు. ఏటి ఒడ్డునే ఆమె ఇంటి దారి. పంటు ఆగే రేవు మెట్ల మీద మర్నాడు ఒక చెప్పు దొరికింది. మనిషి దొరకలేదు, ఇప్పటికీ.

నియమం ప్రకారం గుడ్‌పాస్టర్ గారు చేసినదానిలో లోపం లేదని విచారణలో తేల్చారు. వారు మాత్రం ఆ తరువాతి ప్రైమరీ నుంచి చివరి ఓటరుకు ఆనుకుని నిలబడడం మానేశారు. మధ్యలో ఒక్క మనిషి పట్టేంత ఖాళీ వదిలి నిలబడతారు. షెరీఫు చివరి ఓటరు వెనక ఉండాలని మాత్రమే నియమంలో ఉంది, ఎంత వెనక అన్నది లేదు. వరస కదిలితే ఖాళీ కూడా కదులుతుంది. పెల్లమ్స్ ఫెర్రీ జనానికి ఇది ఎంత అలవాటైందంటే, చివరన ఉన్న మనిషి లోపలికి వెళ్తూ తలుపును చేత్తో పట్టుకుని, వెనకవాళ్లకు అందించినట్టు ఓ క్షణం ఆగుతాడు. ఎందుకని అడిగితే, "మర్యాద కదా," అంటారు.

నాకు వారి పరిచయం అటువంటి ఒక ప్రైమరీ నాడే కలిగింది. నేనూ ఏటి అవతలిదాన్నే. పెళ్లయి ఇటు వచ్చిన తొలి వసంతంలో, కడుపుతో ఉండి, ఓటు వేద్దామని వెళ్లాను.

"పేరుంది తల్లీ. కానీ నువ్వు ఏ పార్టీలోనూ రాయించుకోలేదు, అలాంటివాళ్లకు ఇక్కడ ప్రైమరీలో ఓటు లేదు. ఇవ్వాళ నీకిద్దామంటే నా దగ్గర ఓటు కాగితం లేదు," అన్నారు.

"మా ఊళ్లో అప్పటికప్పుడు ఫలానా పార్టీ అంటే ఇచ్చేసేవాళ్లండీ."

"ఏ ఊరు మీది?"

"అదిగోండి, మీ కిటికీలోంచి కనపడుతోంది."

ఆయన కిటికీ వైపు చూడలేదు. కుర్చీలోంచి లేచి, నన్ను కారు దాకా దిగబెట్టి, దీపాలు వేసేదాకా పక్కనే నిలబడ్డారు. "రేవు దారిన వెళ్లకు. చుట్టయినా పై రోడ్డునే పో," అని, నేను మలుపు తిరిగేవరకు అక్కడే ఉన్నారు. ఓటు లేదని పంపిన ప్రతి మనిషినీ వారు అలాగే సాగనంపుతారని, మరుసటి ఏడాది వారి మాట సాయంతోనే ఈ కార్యాలయంలో చిన్న ఉద్యోగం దొరికాక తెలుసుకున్నాను.

ఇక 2024 మే ప్రైమరీ. మోకాలి నొప్పి వల్ల వారు నిలబడలేని స్థితిలో ఉండగా, శిక్షణలో ఉన్న నన్ను షెరీఫు స్థానంలో నిలబడమని, తాము గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్నారు. నా భర్త బార్జీల మీద పనిచేస్తాడు. ఆ వారం ఏటి మీదే ఉన్నాడు. మంచు పడితే చాలు, నాకు ప్రాణం నిలవదు. ఆ సాయంత్రం, మే నెల అయినా, ఏటి మీంచి లేచిన మంచు అగ్నిమాపక కేంద్రం మెట్ల దాకా వచ్చింది. లోపల ఆడవాళ్లు మాంసం, కూరగాయలు కలిపి కాస్తున్న బర్గూ పులుసు వాసన కూడా బయటికి రాకుండా అణిగిపోయింది.

ఆరయింది. కేక వేశాను. వరసలో చివరి మనిషి పొగాకు రైతు కార్లైల్ గారు. ఖాళీ సంగతి నాకు తెలుసు, తెలిసే వదలలేకపోయాను. ఆయన కోటు నా ముక్కుకు తగిలేంత దగ్గరగా నిలబడ్డాను.

"ఏమ్మా, నా జేబు కొడతావా ఏంటి?" అన్నారాయన.

"చలిగా ఉందండీ."

అప్పుడే మా అత్తగారు నా పాప లోరాను ఎత్తుకుని వచ్చి మెట్ల పక్కన నిలబడ్డారు. పాప నన్ను చూసి నవ్వుతుందనుకున్నాను. అది నా భుజం మీదుగా, నా వెనక్కి చూసి నవ్వి, చెయ్యి ఊపింది. ఎవరైనా తిరిగి చెయ్యి ఊపితే పిల్లలు మళ్లీ ఊపుతారే, అలా మళ్లీ ఊపింది.

"ఎవరికే బుజ్జీ టాటా?" అన్నారు మా అత్తగారు. "అక్కడెవరూ లేరుగా."

నా మెడ వెనక ఏటి బురద వాసన వేసింది. తడిబట్ట చలి. వరస కదిలింది, నేనొక అడుగు వేశాను. నా వెనక మరొక అడుగు పడింది. తిరిగి చూడడానికి ధైర్యం చాలలేదు. ఏడుద్దామంటే పాప చూస్తోంది.

కుర్చీలోంచి గుడ్‌పాస్టర్ గారు గొంతు పెంచకుండా పిలిచారు. "టెస్సా తల్లీ. ఒక్క అడుగు వెనక్కి వెయ్యి."

"నా వెనక ఉందండీ."

"అందుకే వెయ్యమంటున్నా. నిన్నేం అనదు. అది నీ కోసం రాలేదమ్మా, లైను కోసం వచ్చింది."

కళ్లు మూసుకుని వెనక్కి అడుగు వేశాను. చన్నీళ్లలో దిగి ఇవతలికి తేలినట్టయింది. కళ్లు తెరిచేసరికి కార్లైల్ గారికీ నాకూ మధ్య ఖాళీ ఉంది. పాప ఇప్పుడు ఆ ఖాళీని చూస్తోంది. వరస కదిలినప్పుడల్లా దాని చూపు కూడా కొంచెం కొంచెంగా తలుపు వైపు కదిలింది. కార్లైల్ గారు లోపలికి వెళ్తూ తలుపు పట్టుకుని ఆగారు. నేను చూస్తుండగానే ఆయన చేతి మీద బరువు తగ్గినట్టు తలుపు ఇంకాస్త తెరుచుకుంది. వచ్చినావిడ లోపల కనిపించనంత దూరం వెళ్లిందేమో, పాప చెయ్యి దించి వాళ్ల నానమ్మ భుజం మీద తల వాల్చింది.

ఓట్ల లెక్కలో తేడా ఏమీ రాలేదు. వచ్చినవారెందరో పడినవి అన్నే. ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే గుడ్‌పాస్టర్ గారి పోలింగు గదిలో ఏనాడూ ఒక్క ఓటు ఎక్కువ రాలేదు, తక్కువ రాలేదు.

దేశమంతటి ప్రైమరీలకూ ఒకే చట్టం ఉండాలా అన్న అంశం మీద అభిప్రాయాలు వినడానికి ఈ అక్టోబరులో వాషింగ్టన్ నుంచి ఒక కమిటీ మన కోర్టు భవనానికి వచ్చినప్పుడు గుడ్‌పాస్టర్ గారి సంభాషణా పాటవం మనమంతా ప్రత్యక్షంగా చూశాం. పార్టీ తరఫున వచ్చిన ఒక న్యాయవాది, "ప్రైమరీ అంటే మా ఇంటి పెళ్లి. పెళ్లికొడుకు మావాడు. ముహూర్తం పెట్టడానికి వాషింగ్టన్ ఎవరు?" అన్నారు. హాలంతా నవ్వింది.

గుడ్‌పాస్టర్ గారు కర్ర ఊతంగా లేచారు. "పెళ్లి మీదే బాబూ. హాలు మాది, కుర్చీలు మావి, కరెంటు మాది. పిలుపు సరిగ్గా అందక చుట్టాలు ఏట్లో పడితే వెతికేదీ మేమే." ఎవరూ నవ్వలేదు. అప్పుడే ఓనా ఫ్రేలీ సంగతి చెప్పారు. చెప్పి, "అవతల మార్చిలో, ఇవతల మేలో. అవతల ఆ పూటే పార్టీ చెప్పొచ్చు, ఇవతల ముందటేడే చెప్పాలి. ఏరు దాటినందుకు మనిషి మారదు కదా, గడియారం ఎందుకు మారాలి? తేదీ ఒకటి చెయ్యండి, గడువు ఒకటి చెయ్యండి, గంట ఒకటి చెయ్యండి. నేనడ్డం రాను," అన్నారు.

గ్లెండా గారు ఒప్పుకోలేదు. "ఒక్క తేదీ అయితే డబ్బున్న పెద్ద రాష్ట్రాల చుట్టూనే అభ్యర్థులు తిరుగుతారు థర్మన్. మన ఊరి మొహం ఎవడు చూస్తాడు?" అన్నారు. ఆ మాటలోనూ న్యాయముంది. ఇద్దరి వాదం ఆ తరువాత కార్యాలయంలో కాఫీ యంత్రం దగ్గర వారం నడిచింది. నా మట్టుకు నేను, కిటికీలోంచి కనపడే ఊళ్లో ఉన్న ఓటును ఇక్కడికొచ్చి పోగొట్టుకున్నదాన్ని కాబట్టి, ఆయన పక్షమే.

అయితే కమిటీ వారు చదివి వినిపించిన ముసాయిదాలో షెరీఫు చివరి ఓటరును ఆనుకుని నిలబడాలని ఒక వాక్యం ఉంది. అది వినగానే గుడ్‌పాస్టర్ గారు మళ్లీ కర్ర పట్టుకుని లేచారు.

"ఆ ఒక్క మాట కొట్టెయ్యండయ్యా," అన్నారు.

"అన్నీ ఒకేలా ఉండాలన్నది మీరే కదండీ?" అన్నారు న్యాయవాది.

"గంట ఒకేలా ఉండాలన్నాను. చివర నిలబడేవాడు ఎంత దూరంలో నిలబడాలో ఆ ఊరికి తెలుస్తుంది. అది ఊరికి వదిలెయ్యండి."

కమిటీ వారు రాసుకున్నారు. ఆ మాట ఉంటుందో పోతుందో మనకింకా తెలియదు. ఉంటే ఓనా మళ్లీ షెరీఫు వీపు వెనక మిగిలిపోతుంది. నాకు ఆమె వల్ల భయం లేదిప్పుడు. ఆమెకు చోటు లేకపోతే ఏమవుతుందోనన్నదే భయం. వచ్చే మే ప్రైమరీకి పెల్లమ్స్ ఫెర్రీ షెరీఫుగా నన్ను నియమించారు. ఉత్తర్వు చేతికొచ్చిన రోజు, "పాపను తీసుకురా," అన్నారు గుడ్‌పాస్టర్ గారు. "నీకు తెలియకపోయినా దానికి తెలుస్తుంది, సరిపోయినంత వదిలావో లేదో."

నిరాడంబరులు, మితభాషులు, నియమాన్ని తు.చ. తప్పక పాటిస్తూనే ఆ నియమం చెప్పని చోట దయకు తావు వెతికినవారు శ్రీ గుడ్‌పాస్టర్ గారు. వారికి, వారి సహధర్మచారిణి నెట్టీ గారికి మన కార్యాలయ సిబ్బంది అందరి తరఫున హృదయపూర్వక అభినందనలు. వారి మోకాలు కుదుటపడాలని, ఏటి గాలి వారికి పడాలని, మనుమల మధ్య సుఖశాంతులతో దీర్ఘకాలం వర్ధిల్లాలని కోరుకుంటున్నాను.

గుడ్‌పాస్టర్ గారూ, వచ్చే మేలో మీరు ఉద్యోగిగా కాక ఓటరుగా రండి. ఆలస్యమైనా ఫరవాలేదు, చివరనే నిలబడండి. మీ వెనక ఆ ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీ వెనక నేనుంటాను. ఏదో ఒక ఏడు అక్కడ ఒక్క మనిషికి కాక ఇద్దరికి చోటు వదలవలసి వస్తుందని నాకు తెలుసు. ఆ ఏడు చాలా చాలా దూరంగా ఉండాలని, ఈ చేతుల్లోని పాప పెద్దదై నా స్థానంలో నిలబడే దాకా రాకూడదని భగవంతుని ప్రార్థిస్తున్నాను.

— టెస్సా మాబ్రీ, ఎన్నికల విభాగం