భూమయ్య మోసిన వొరోనెజ్ నీళ్లు

కామాటిపురాలోని ఆ ఇరుకు గదుల చాల్‌లో నల్లా మధ్యాహ్నం మూడున్నరకు వస్తుంది, నాలుగున్నరకు పోతుంది. పక్కపేట నాగ్‌పాడాలో తారాబాయి టైపు క్లాసు నాలుగింటికి. ఇన్నాళ్లూ తల్లి లచ్చమ్మ బిందెలు మోసింది కాబట్టి రెండూ నడిచాయి. నిన్న మెట్ల మీద జారి లచ్చమ్మ భుజం పట్టేసింది. "పరీక్ష వచ్చే ఏడు రాద్దువు తియ్" అంది పొద్దున, అదేదో కొత్త చీర మాటైనట్టు. మోయగల మనిషి ఇంట్లో మరొకడున్నాడని ఆమెకు తోచనే లేదు.

ఆ మనిషి, తారాబాయి అన్న భూమయ్య, మూడో అంతస్తు గ్యాలరీలో చాయ్ తాగుతున్నాడు. స్కాలర్‌షిప్పు మీద రష్యాలో ఇంజనీరింగు చదువుతూ, సెలవులకు వచ్చి వారమైంది. అక్కడ హాస్టలుకు మరమ్మతులని అతన్ని వొరోనెజ్ ఊళ్లో ఓ కుటుంబంతో ఉంచారు. ఆ ముచ్చట వినడానికి తాపీమేస్త్రీ దుర్గయ్య, మిల్లు సమ్మెలో పని పోయిన తుకారాం, బీడీలు చుట్టుకుంటూ రత్నాబాయి చేరారు. గడపలో నిలబడ్డ తారాబాయి కన్ను గడియారం మీద ఉంది.

"ఇంటామె పేరు నీనమ్మ. ఫ్యాక్టరీల క్రేను నడుపుతది" అన్నాడు భూమయ్య.

"మరి మొగుడు?" అడిగాడు దుర్గయ్య.

"వంట జేస్తడు."

రత్నాబాయి చేతిలో దారం ఆగింది. "గా ఊరికి బండి ఏడ ఎక్కాలె?"

"జర ఇనవే అత్తా. ఓ దినం పైపు గడ్డకట్టింది. నీనమ్మకు డ్యూటీ టైమైతుంది. నేనే నదికి పోయి ఒక్క బకెట్టు తెచ్చిచ్చిన."

"ఒక్కటైతే నేను గూడా తెస్త" అన్నాడు దుర్గయ్య.

"తొమ్మిదో అంతస్తు కాకా. మాటవరసకు ఒక్కటన్న గానీ, ఇరవై. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? చలికి బకెట్లనే నీళ్లు రాయైతున్నయ్. అమ్మ ఇచ్చిన మామిడికాయ తొక్కు ఇంత ముద్ద నోట్లేసుకున్న, బకెట్టు నెత్తికెత్తుకున్న. కారం మాడుకెక్కింది. నాలుగో అంతస్తుకు నీళ్లు గోరువెచ్చగైనయ్, తొమ్మిదో అంతస్తుకు కుతకుత మసులుతున్నయ్. నీనమ్మ నా నెత్తి మీదనే చాయ్‌పత్తా ఏసింది."

"నా తొక్కు మరి" అంది లచ్చమ్మ లోపల మూలుగుతూనే.

"ఇగ బిల్డింగు బిల్డింగే లైను కట్టింది. రోజుకు నాలుగు వందల బకెట్లు. కాలు జారింది లేదు, ఆయాసం వచ్చింది లేదు. నేను దిగి దిగి నదిల మంచు మొత్తం కరిగి, చలికాలం మొదలైనప్పుడు ఇరుక్కున్న ఓడ కదిలిపాయె. కప్తాన్ నాకు సలాం గొట్టిండు."

"కితీ మోఠీ రే ఓడ?" ఎంత పెద్దదని మరాఠీలో అడిగాడు తుకారాం.

"మన చాల్ అంత."

తారాబాయి రెండు బిందెలు తెచ్చి అన్న ముందు పెట్టింది. "అన్నా, మనది మూడో అంతస్తే. నదికి పోయే పని లేదు, నల్లా మెట్ల కిందనే. నాలుగు వందలొద్దు, ఎనిమిది బిందెలు తే."

"ఇంజనీరు పిల్లగాన్ని ఆడోళ్ల లైన్ల నిలబెడ్తవా?" లచ్చమ్మ లేవబోయింది.

"పండుకో వదినె" అంది రత్నాబాయి. "ఓడను కదిలిచ్చినోడు, లైను కదిలియ్యడా?"

నాలుగింటికి పది నిమిషాలు. క్లాసు పుస్తకం పట్టుకుని దిగుతున్న తారాబాయికి రెండో అంతస్తు మలుపులో అన్న కనిపించాడు, మూడో బిందె పక్కన కూలబడి.

"గా బిల్డింగుల లిఫ్టు లేకుండెనా అన్నా?"

"ఉండె."

"పైపు ఎన్ని దినాలు గడ్డకట్టింది?"

"ఒక్క పూట." ఆమె పోవడానికి దారిచ్చి, బిందెను గోడకు జరిపాడు. పైన దుర్గయ్యకు వినబడకుండా గొంతు తగ్గించాడు. "వాళ్లింట్ల నేల మాత్రం నిజంగనే కడిగిన చెల్లె. శనివారం వంతు నాది. నీనమ్మ మూలలు జూసి మళ్ల కడిగిపిచ్చేది."

"గది చెప్పలేదేంది వాళ్లకు?"

"గదేమన్న చెప్పుకునే ముచ్చటనా?"

తారాబాయి రెండు మెట్లు దిగి వెనక్కి చూసింది.

"ఇయ్యాల శనివారమే" అని, క్లాసుకు వెళ్లిపోయింది.