బెండచేను పీకిన కోటిరత్నం

కోటిరత్నం ఎకరన్నర మినుము వేసింది ఆ ఏడు. గట్టుకి అవతల చేను ఎవరిదనుకున్నారు? ఆవిడ ఆడబిడ్డదే, బసవమ్మని, మొగుడికి అక్క. బసవమ్మ బెండ వేసింది. ఇద్దరూ చేలోనే కలిసి అన్నం తినేవోళ్ళంట, ఈ కూర ఆవిడకీ, ఆ పచ్చడి ఈవిడకీ. అట్టా ఉండేవోళ్ళు. ఏమైందంటే, మినుము పూతకొచ్చే ముందు ఒక మూల నాలుగు మొక్కలకి పల్లాకు తెగులు పడింది. మూడోనాటికి నలభై. ఆకు మీద పసుపు చల్లినట్టు మచ్చలు, మచ్చలన్నీ కలిసి ఆకంతా పసుపే. పల్లాకు పడ్డ మినుముకి కాయ నిలవదు, మీకు తెలిసిందేగా. కోటిరత్నం గట్టెక్కి అటు చూసిందంట. బసవమ్మ బెండ కూడా పసుపే! ఈనెలన్నీ పసుపు తిరిగి, ఆకు మీద వల పరిచినట్టుంది. ఓహో, నీ చేలో పుట్టి నా చేలోకొచ్చిందా అనుకుంది. అనుకుని ఊరుకుందా? ఊరుకోలా. బసవమ్మ ఆ రోజు పెళ్ళికి పోయింది. ఈవిడ కొంగు బిగించి పీకడం మొదలెట్టింది. పీకింది, పీకింది, పసుపుదీ పీకింది, పచ్చగా ఉన్నదీ పీకింది, పిందె మీదున్నదీ పీకింది, సాళ్ళకి సాళ్ళు పీకి గట్టు మీద పోసింది.

తెల్లారి బసవమ్మ వచ్చి చూసి, ఎవరే పీకిందంటే, "నేనే వదినా, నీ తెగులు నా మినుముని తినేసింది" అంది ఈవిడ. "బెండ తెగులు మినుముకెట్టా అంటుద్దే?" "రెండూ పసుపేగా!" బసవమ్మ ఆ కుప్పలో పిందెలు ఏరుకుని గంపలో వేసుకుని పోయింది. తిట్టినా బాగుండేదనుకుంది కోటిరత్నం. ఆ రోజునుంచీ ఎవరన్నం వాళ్ళదే.

నాలుగు రోజులకి వ్యవసాయం మేడం వచ్చింది. మినుము ఆకు తిరగేసి తడితే తెల్లదోమ పిండి లేచినట్టు లేచింది. "ఇది వైరస్సమ్మా. ఈ దోమే మోసుద్ది. బెండ వైరస్సూ మినుము వైరస్సూ ఒకే వంశం, మోసే దోమా ఒకటే, అయినా రెండూ వేరు. బెండది నీ మినుము మీదికి రాదు. మినుముది పెసరా, అలసందా, సోయా, వీటిల్లోనే తిరుగుద్ది. బొప్పాయిని పసుపు చేసేది అసలు వేరే వంశం, దాన్ని పేనుబంక పురుగు మోసుద్ది. నేలలో ఇనుము చాలకపోయినా ఆకు పసుపెక్కుద్ది, అది తెగులే కాదు." మరి నాకెక్కణ్ణించొచ్చిందమ్మా అంది కోటిరత్నం. మేడం అటూ ఇటూ చూసి బోరు దగ్గరికి పోయింది. అక్కడ పోయిన పంటకారులో వేసిన పెసర రాలి మొలిచి ఉంది, మేకకి మేతగా పనికొస్తుందని కోటిరత్నమే ఉంచింది. ఆకులన్నీ పసుపే. "ఇదుగో, ఇక్కణ్ణించి. పసుపు పడ్డవన్నీ పీకి పాతిపెట్టు, దోమకి మందు కొట్టు" అని చెప్పి పోయింది.

కోటిరత్నం ముందు ఆ పెసర పీకేసింది. పీకి, మట్టిచేతుల్తోనే బసవమ్మ గుమ్మంలోకి పోయి నిలబడిందంట. "వదినా, బెండది బెండకేనంట. నాది నా చేలోనే పుట్టింది." "ఆ మాట నేనారోజే చెప్పలా?" "చెప్పావు." "పసుపుది ఎటూ పీకాల్సిందేలే. పచ్చగా ఉన్నది పీకావు చూడు, అదీ నా బాధ." కోటిరత్నం తల దించుకుని ఏడ్చింది. బసవమ్మ చెప్పులేసుకుంది. "పద, నీ మినుము పీకుదాం. నేను చూపిస్తా, నువ్వు పీకు. నిన్నొక్కదాన్నే వదిలితే చేనంతా పీకేస్తావు."

మినుము సగానికి పైగానే దక్కిందనుకోండి. ఇంత వివరంగా చెప్పింది కదా, ఆ మేడం పేరేంటంటే ఊళ్ళో ఒక్కరికీ గుర్తులేదు. బెండచేను ఎవరు పీకారంటే మాత్రం చంటిపిల్లల్నడిగినా చెప్తారు.