గొర్రెపేగు దారం

మళ్ళా కోసేదేంది సుమిత్రమ్మా? కుట్టి ఐదు దినాలు గాలేదు! మా ఇంటాయన మనిషా, గోనెసంచా? ఆ తోపుడు మంచం వాకిట్లోనే ఆపమను. నర్సమ్మవి, నువ్వు చెప్తే డాక్టరయ్య వింటాడు. ముందర నా మాట విను.

కడుపులో పుండు పగిలిందంటే బెళుగుప్ప నుంచి ఎద్దులబండి మీద ఏసుకొస్తిమి. పక్క మంచం రంగన్నకు నల్లదారంతో కుట్టినారు. ఎనిమిదో దినం కత్తిరించి లాగేస్తారంట. మా ఆయప్పకేమో కొత్త దారం! ఒకరికిది, ఒకరికది ఏసి, యాది బాగా పట్టుకుంటాదో చూస్తాండాడంట డాక్టరయ్య. కొత్తది గొర్రెపేగుతో చేసిందంట. లోపలే కరిగిపోతాదంట.

గొర్రెపేగు సంగతి నాకు తెలీదా? దూది ఏకే విండ్లకు మా నాయన పేగుతోనే నారి పేనుతాండె. ఎండితే గట్టిగా మోగుతాది. రోంత తడి తగిల్తే సడలి ఏలాడతాది. చిన్నప్పుడు తడిచేత్తో ముట్టుకున్నానని నా వీపు చిట్లగొట్టినాడు.

అందుకే గదా, ఆయప్ప దగ్గినప్పుడల్లా రెండు చేతులతో కడుపు అదిమి పట్టుకుంటి. కట్టు పొడిగానే ఉండాది, నువ్వే చూసినావు. నాలుక ఎండిందేమి, ఒంటికి పోలేదేమి, నాడి అట్ల పరిగెత్తుతాందేమి అంటే... లోపల కుట్టు తెగింటాదని డాక్టరయ్య అనుమానం. తెగలేదమ్మా!

మొన్న నరానికెక్కించే నీళ్ళు తీసేసి, ఇంక నోటితో తాపు, దినానికి నాలుగు చెంబులంటివి. చెంబు ఖాళీ అయినప్పుడల్లా "ఏం హనుమక్కా, తాగినాడా?" అంటివి. నేను ఊ అంటి. నువ్వు రాసుకుంటివి.

తాపలేదు.

కడుపులోకి నీళ్ళు పోతే దారం నానుతాదని భయపడితి. పెదాలు తడిపి ఊరకుంటి. పారబోద్దామని కిటికీ కాడికి పోతే చేతులు రాలేదు. మా ఊర్లో రెండేండ్లుగా వానల్లేవు. వంకలో చెలమ తోడి, చెంబు నీళ్ళకు పొద్దంతా కూర్చుంటాం. ఆ నీళ్ళను యా పాపిష్టిది నేల పాలు చేస్తాది?

నేనే తాగినా. రెండు దినాలూ, అన్ని చెంబులూ. ఆయప్ప నా గొంతు దిక్కే చూస్తాండె. "రోంత పొయ్యి మే" అని చెయ్యి చాపితే, ఆ చెయ్యి మంచానికి అదిమి పట్టి తాగినా.

పో, డాక్టరయ్యకు చెప్పు. దారం తప్పేం లేదని రాసుకోమను. నన్ను ఏమన్నా అనుకోండి.

ఇదో చెంబు. నువ్వే తాపు సుమిత్రమ్మా. నా చేత్తో ఇస్తే మొగం తిప్పుకుంటాండాడు.