కార్డు అడుగున చీమ

“చచ్చాన్రా! నా కొంప ముంచావురా!” అని వీధి మలుపు నుంచే అరుచుకుంటూ మా ఇంటికొచ్చాడమ్మాయ్ ప్రెస్సు యజమాని, చేతిలో నల్ల అంచు కార్డు పట్టుకుని. ఏం కార్డంటావా? ఆగు, చెప్తా. మా చిన్నాన్న, నువ్వు పుట్టకముందే పోయాడులే, ఆ ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చేవాడు. చూస్తే ఒట్టి ముంగి. కానీ సిరా సరిగ్గా పడుతోందో లేదో చూడ్డానికి ప్రతి పనికీ అడుగున సొంతంగా నాలుగు వరసలు పేర్చి, ఒక కాగితం మీద అచ్చు తీసి, ఆ వరసలు తీసేసేవాడు. ఏం వరసలనుకున్నావ్? పిల్లల పాటలు! తుమ్ము మీద, చక్కిలిగింత మీద, పాల మీగడ మీద, నత్త మీద! ఆ కాగితాల కోసం ఇంట్లో పిల్లలం కొట్టుకు చచ్చేవాళ్లం. ఆఁ, ఎక్కడున్నాం? పిండిమర పెద్దాయన పోయాడు. “గంటలో మూడొందల కార్డులు, కానీ, కానీ!” అని యజమాని నెత్తిన కూర్చున్నాడు. చిన్నాన్న ఆ వరసలు తీయడం మర్చిపోయాడు! మూడొందలూ ఊళ్లోకి వెళ్లిపోయాయి. “తీరని దుఃఖంతో, కుటుంబ సభ్యులు.” దాని కింద...

చీమా చీమా, ఎక్కడికే?
చక్కెర పలుకు దక్కిందే!
ఒక్కదానివే మెక్కవటే?
ఒక్కతె తింటే దిగదమ్మా!

“నీ ఉద్యోగం సంగతి తర్వాత, ముందు వాళ్ల కాళ్ల మీద పడు” అని ఈడ్చుకుపోయాడు యజమాని. గుమ్మంలోనే పెద్దకొడుకు, “మా నాన్న పోతే మీకు చీమల పాటగా ఉందా?” అని కాలర్ పట్టుకున్నాడు. అంతలో లోపల్నుంచి వచ్చింది పెద్దావిడ, పోయినాయన భార్య. రెండ్రోజులుగా పచ్చి మంచినీళ్లు ముట్టని మనిషి. “ఏదీ, చదువబ్బాయ్” అంది. చదివాడు. “మళ్లీ” అంది. మళ్లీ చదివాడు. నవ్వింది! ఆ ఇంట్లో, ఆ రోజున! “చూశార్రా? ఒక్కొక్కరే కంచం పట్టుకొచ్చి, నా ముందు నిలబడి తినమ్మా తినమ్మా అంటారు. కూర్చున్నవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? యాభై ఏళ్లు ఆయన ఎదురుగా కూర్చుని తిన్నదాన్ని, ఒక్కదానికి ఎలా దిగుతుందిరా? ఈ చీమకున్న పాటి బుద్ధి లేదు మీకు!”

పెద్దకొడుకు కాలర్ వదిలేశాడు. “కూర్చోండి. ఆ ప్రెస్సాయన్నీ కూర్చోమను. నువ్వూనోయ్, చీమలబ్బాయ్” అంది పెద్దావిడ. కొడుకులు, కోడళ్లు, మర పనివాళ్లు, అంతా నేల మీదే వరసగా. చిన్నాన్న ఎంత కడిగినా చేతికి సిరా సగమే వదిలింది. ఆ చేత్తోనే కలుపుకున్నాడు. పక్కనుంచి యజమాని నమలుతూనే గొణిగాడు, “రేపు పొద్దున్నే రా, బోలెడు పనుంది” అని. ఆవిడ మొదటి ముద్ద ఎత్తి, అందరివైపూ చూసి...

ఇదిగో అమ్మాయ్, నీ కంచంలో అన్నం చల్లారిపోతోంది. అందరూ కూర్చున్నారు, నువ్వూ కూర్చో.